సైబర్‌పంక్ 2077 ఏ కన్సోల్‌లో బాగుంటుంది? నిర్మల్ నుంచి చూస్తే లెక్క వేరు

గేమ్ కంపారిజన్ వీడియోలు మీరూ చూసే ఉంటారు. స్క్రీన్ మధ్యలో ఒక గీత. ఎడమవైపు పీఎస్5, కుడివైపు ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్. రోడ్డు మీద నీళ్లలో మెరుస్తున్న నియాన్ బోర్డును నాలుగింతలు జూమ్ చేసి "ఇక్కడ కొంచెం షార్ప్‌గా ఉంది, గమనించండి" అంటారు. సరే, గమనిస్తాం. అంతా అయ్యాక నిర్మల్‌లో ఉన్న తమ్ముడి ప్రశ్న మాత్రం అట్లనే మిగిలిపోతుంది: "అన్నా, నా దగ్గర ముప్పై అయిదు వేలున్నయ్. ఏది తీసుకోవాలె?"

నా మాట సూటిగా చెప్తా. పీఎస్5కీ సిరీస్ ఎక్స్‌కీ మధ్య తేడా వెతకడం మనకు టైమ్ పాస్ మాత్రమే. అసలు తేడా కింది మెట్టు మీద ఉంది: తక్కువ రేటు మెషీన్‌కి ఎలాంటి వెర్షన్ ఇచ్చారు, అది మన ఇంటిదాకా ఎలా వస్తుంది, ఆడేశాక మన చేతిలో ఏం మిగులుతుంది. ఈ మూడూ రివ్యూల్లో చివరి పేరాలో ఒక లైన్‌గా వస్తాయి. మొదటి పేరాలో రావాలి.

దీనికి సైబర్‌పంక్ 2077 కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2020 డిసెంబర్ 10న పీసీతో పాటు పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లకు వచ్చింది. పాత పీఎస్4లో ఫ్రేమ్ రేట్ ఒక్కోచోట 20 కిందకి జారిపోయేది. మనుషుల ముఖాలు మసక, గేమ్ మధ్యలో క్రాష్. దాదాపు వారానికే సోనీ తన స్టోర్ నుంచి గేమ్‌ను తీసేసింది, మళ్లీ 2021 జూన్‌లో గానీ పెట్టలేదు. అదే సమయంలో ఖరీదైన పీసీలో ఆడినవాళ్లకు గేమ్ అదిరిపోయింది. పేరు ఒక్కటే, కవర్ మీద బొమ్మ ఒక్కటే, లోపల మాత్రం వేరే సరుకు. పీసీ వెర్షన్ చూసి ఇచ్చిన స్టార్లను నమ్మి పీఎస్4 డిస్క్ కొన్నవాడు ఏమైపోవాలి?

2022 ఫిబ్రవరిలో పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌ల కోసం అసలైన అప్‌డేట్ వచ్చింది. పీఎస్5, సిరీస్ ఎక్స్‌లకు రెండు మోడ్‌లు ఇచ్చారు: రే ట్రేసింగ్‌తో 30 ఎఫ్‌పీఎస్, అది లేకుండా 60. చిన్నోడు సిరీస్ ఎస్‌కు మాత్రం 30తోనే సరిపెట్టారు. 60 మోడ్ రావడానికి అదే ఏడాది సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది, అదీ 900పీ దరిదాపుల్లో. రే ట్రేసింగ్ మోడ్ లేనే లేదు.

900పీ అనగానే ముఖం చిట్లించకండి. 43 అంగుళాల టీవీ ముందు ఎనిమిదడుగుల దూరంలో కూర్చుంటే ఆ మసక కన్నా 60 ఎఫ్‌పీఎస్ సాఫీతనమే ముందు తెలుస్తుంది. కారు తిప్పినప్పుడు, గన్ గురిపెట్టినప్పుడు తేడా చేతికే తెలుస్తుంది. కాబట్టి బొమ్మ విషయంలో సిరీస్ ఎస్ వెర్షన్‌కు నేను పాస్ మార్కులు వేస్తా, అది కూడా మంచి మార్కులే.

నా గొడవ బొమ్మతో కాదు, స్టోరేజ్‌తోనూ డిస్క్‌తోనూ. ఇండియాలో సిరీస్ ఎస్ 34,990 రూపాయలకు మొదలైంది, డిస్క్ ఉన్న పీఎస్5 49,990కి. పదిహేను వేల తేడా మన ఇళ్లలో చిన్నదేం కాదు. కానీ సిరీస్ ఎస్‌కు డిస్క్ పెట్టే చోటే లేదు. మొదటి మోడల్ 512 జీబీలో మనకు మిగిలేది 364. ఎక్స్‌పాన్షన్‌తో కలిపి గేమ్ 100 జీబీ అనుకుందాం. 40 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్ ఉంటే, అదీ ఆగకుండా వస్తే, డౌన్‌లోడ్‌కి ఐదున్నర గంటలు. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు 2 జీబీ ప్యాక్‌తో దించుదామనుకుంటే యాభై రోజులు! చోటు చాలక ఒకసారి డిలీట్ చేశారా, మళ్లీ మొదటికే.

పైగా ఆడేశాక ఆ గేమ్‌ను అమ్మలేం, దోస్తుకు చేతికివ్వలేం. జిల్లా టౌన్లలో గేమింగ్ నడిచేదే డిస్క్‌ల మార్పిడి మీద. నలుగురు దోస్తులు తలా ఒక గేమ్ కొని తిప్పుకుంటే ఒక్కొక్కరికి నాలుగు గేములు. ఈ లెక్క ఏ బెంచ్‌మార్క్ చార్టులోనూ కనిపించదు. గేమ్ పాస్ ఉందిగా అంటారా? ఉంది, మంచిదే. కానీ అది అద్దె ఇల్లు. ఓనర్ గేమ్ తీసేస్తే మీరు సామాన్లు సర్దుకోవాల్సిందే.

ఇక్కడే సైబర్‌పంక్‌లో ఒక మంచి కిటుకు ఉంది. పీఎస్4 వెర్షన్ కొన్నవాళ్లకు పీఎస్5 వెర్షన్ ఫ్రీ. అంటే ఎవరూ వద్దనుకున్న ఆ పాత పీఎస్4 డిస్క్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5లో పెట్టి కొత్త వెర్షన్ దించుకోవచ్చు. డౌన్‌లోడ్ తప్పదు, ఆడేటప్పుడు డిస్క్ లోపలే ఉండాలి. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన ఫాంటమ్ లిబర్టీ మాత్రం విడిగా కొనాలి. అది పీఎస్4కు, ఎక్స్‌బాక్స్ వన్‌కు అసలు రానేలేదు. ఇంట్లో పీఎస్4 మాత్రమే ఉన్నవాళ్లు ఈ గేమ్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

డిస్క్ అంటే గుడ్డిగా నమ్మమని కూడా అనను. డూమ్: ది డార్క్ ఏజెస్ పీఎస్5 డిస్క్‌లో ఉన్నది 85 ఎంబీ చిల్లర, మిగతాదంతా డౌన్‌లోడే. ఆ సంగతి చెప్పని రివ్యూ నా దృష్టిలో సగం రివ్యూనే.

2025 జూన్ 5న నింటెండో స్విచ్ 2తో పాటే సైబర్‌పంక్ దానికీ వచ్చింది. గేమ్ మొత్తం 64 జీబీ కార్డు మీదే ఇచ్చారు, సీడీ ప్రొజెక్ట్ రెడ్‌కు అందుకు దండం పెట్టాలి. ఇందులో పెర్ఫార్మెన్స్ మోడ్ 40 ఎఫ్‌పీఎస్. 60 హెర్ట్జ్ టీవీకి 40 సమానంగా పంచడం కుదరదు, 120 హెర్ట్జ్ స్క్రీన్ అయితే ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా మూడు రిఫ్రెష్‌లకు సరిపోతుంది. స్విచ్ 2 సొంత స్క్రీన్ 120 హెర్ట్జ్‌దే కాబట్టి చేతిలో పట్టుకుని ఆడితేనే దీని మజా. బాసర ట్రిపుల్ ఐటీ హాస్టల్లో టీవీ లేకుండా ఉండే వాళ్లకు వినడానికి ఇది భలే ఉంటుంది. చిక్కేమిటంటే విడుదల నాటికి ఇండియాలో స్విచ్ 2 అధికారికంగా అమ్మకానికి రాలేదు. ఇంపోర్ట్ పీస్ పాడైతే వారంటీ ఎవరిస్తారో ముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకుని కొనండి.

అందుకని తమ్ముడికి నా జవాబు ఇది. ఇంట్లో నమ్మకమైన ఫైబర్ ఉండి, ఒంటరిగా ఆడుకునేవాడివైతే సిరీస్ ఎస్ తీసుకో, సైబర్‌పంక్ అందులో బాగానే ఉంది. నెట్ అంతంతమాత్రం, దోస్తులు నలుగురు ఉన్నారంటే మాత్రం ఇంకో పదిహేను వేలు జమయ్యేదాకా ఆగు, లేదా డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 సెకండ్ హ్యాండ్‌లో వెతుకు. దాన్ని మే నెల ఎండల్లో రేకుల గదిలో మాత్రం పెట్టకు, పీఎస్5కు సోనీ చెప్పిన హద్దు 35 డిగ్రీలే. మన నిర్మల్ ఎండ సంగతి నీకు చెప్పాలా!

జీటీఏ 6 కూడా పీఎస్5కు, సిరీస్ ఎక్స్‌కు, సిరీస్ ఎస్‌కు అనౌన్స్ అయింది. అది వచ్చిన రోజు నేను మొదట తెరిచి చూసేది సిరీస్ ఎస్ వెర్షన్‌నే. ఆ తర్వాత డిస్క్‌లో ఎన్ని జీబీలు ఇచ్చారో. నీళ్లలో ప్రతిబింబం సంగతి తీరిగ్గా చూద్దాం.