చర్చికి తాళం, దారి నిండా జనం

మన సంఘ కుటుంబాల్లో ఒకదానికి చెందిన యువకుడు ఫ్రాన్సులో తులూజ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవుల్లో వారం రోజులపాటు అక్కడి పల్లెల గుండా కాలినడకన తిరిగి, నాకు ఫోటోలు పంపాడు. రాతి ఇళ్లు, గొర్రెల మందలు, చెట్ల మీద తెలుపు ఎరుపు గీతలతో దారి గుర్తులు. వాటి కింద ఒక వాక్యం: "అయ్యగారూ, ఇక్కడ దారి నిండా జనం, ఊరి చర్చికి మాత్రం తాళం."

ఆ వాక్యం నన్ను కొన్నాళ్లు వదల్లేదు. ఫ్రాన్సులో ఇప్పుడు జరుగుతున్న ఒక చర్చంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ముందు ఆ చర్చ సంగతి. 1905లో ఫ్రాన్సు ప్రభుత్వం చట్టం చేసి మతాన్ని రాజ్యం నుంచి వేరు చేసింది. ఆ తర్వాతి ఏర్పాట్లతో, అప్పటికే కట్టి ఉన్న కతోలిక చర్చి భవనాలు చాలా వరకు ఊరి పురపాలక సంస్థల ఆస్తి అయ్యాయి. ఆరాధన హక్కు సంఘానిది, కప్పు బాధ్యత ఊరిది. ఊళ్లో మూడు వందల మంది ఉండి, వాళ్లలో ఆదివారం చర్చికి వచ్చేవాళ్లు ఐదుగురే అయితే, కారుతున్న గంటగోపురాన్ని ఎవరి డబ్బుతో బాగుచేయాలి? 2022లో ఫ్రెంచ్ సెనేట్ ఈ విషయం మీదే నివేదిక ఇచ్చింది. 2023 సెప్టెంబరులో అధ్యక్షుడు మాక్రాన్ చిన్న ఊళ్ల మత కట్టడాల కోసం ప్రజల నుంచి విరాళాలు సేకరించే కార్యక్రమం ప్రకటించారు. నాలుగేళ్లలో 20 కోట్ల యూరోలు లక్ష్యం, ఇచ్చినవారికి పన్ను రాయితీ. మతంతో మాకు సంబంధం లేదని నూరేళ్లకు పైగా చెబుతూ వచ్చిన ప్రభుత్వమే చర్చి కప్పులకు చందా అడుగుతోంది. నవ్వుకోవాలో ఏడవాలో తెలియని పరిస్థితి.

మన అబ్బాయి నడిచిన దారికి ఫ్రాన్సులో జీఆర్ 70 అని పేరు. స్టీవెన్‌సన్ దారి అని కూడా అంటారు. 'ట్రెజర్ ఐలాండ్' రాసిన స్కాట్లండు రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1878లో, ఇంకా పేరు రాని రోజుల్లో, మొదెస్తీన్ అనే గాడిదను తోలుకుంటూ పన్నెండు రోజులు ఈ కొండల్లో నడిచి ఒక పుస్తకం రాశాడు. ఈనాటి దారి ఆయన నడిచినదానికంటే కొంత పొడవు, లె ప్వీ పట్టణం నుంచి ఆలెస్ వరకు సుమారు 270 కిలోమీటర్లు. ఉత్తరాన కతోలిక ప్రాంతం. మోన్ లోజేర్ కొండ దాటి దక్షిణానికి దిగితే సెవెన్న్ పర్వత ప్రాంతం, ప్రొటెస్టంట్ల గడ్డ. ప్రెస్బిటేరియన్ ఇంట పుట్టిన స్టీవెన్‌సన్ మొదట 'మంచు మాత' పేరున్న ట్రాపిస్ట్ సన్యాసుల మఠంలో ఒక రాత్రి తలదాచుకుని, ఆ తర్వాత తన మతం వాళ్ల కొండల్లోకి దిగాడు. ఆ మఠం ఇప్పటికీ ఉంది. కానీ సన్యాసులు తగ్గిపోయి 2022లో వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో అదే సిస్టర్షియన్ కుటుంబానికి చెందిన సన్యాసినులు వచ్చారు. ఒక తలుపు మూతపడబోయి మళ్లీ తెరుచుకుంది. ఇలాంటి వార్తలు మన పత్రికల్లో రావు.

కొండ దాటాక కనిపించేది వేరే లోకం. అక్కడ చూడటానికి పెద్ద కట్టడాలు లేవు, ఎందుకంటే కూలగొట్టేశారు. 1598లో నాల్గవ హెన్రీ రాజు నాంట్ శాసనంతో ఫ్రెంచ్ ప్రొటెస్టంట్లకు, అంటే హ్యూగెనోట్లకు, ఆరాధన హక్కు ఇచ్చాడు. 1685 అక్టోబరులో ఆయన మనుమడు పద్నాల్గవ లూయీ దాన్ని రద్దు చేశాడు. మందిరాలు నేలమట్టం. మతం మారని కాపరులు పదిహేను రోజుల్లో దేశం విడవాలి, విశ్వాసులు మాత్రం విడవకూడదు. పారిపోతూ దొరికిన మగవాళ్లకు ఓడల్లో తెడ్లు వేసే బానిసత్వం, ఆడవాళ్లకు చెర. అంతకుముందు నుంచే సైనికులను హ్యూగెనోట్ ఇళ్లలో బసపెట్టి, మతం మారేదాకా ఇల్లు గుల్ల చేయించేవారు. అయినా సుమారు రెండు లక్షల మంది దేశం దాటారని చరిత్రకారుల అంచనా. వాళ్లు పారిపోయిన మార్గాల్లో ఒకటి ఈనాడు మరో నడక దారి: ద్రోమ్ జిల్లాలోని పొయెట్ లావల్ నుంచి జెనీవా మీదుగా జర్మనీలోని బాడ్ కార్ల్స్‌హాఫెన్ వరకు, సుమారు 1,800 కిలోమీటర్లు.

వెళ్లలేనివాళ్లు, వెళ్లనివాళ్లు ఉండిపోయారు. ఇశ్రాయేలీయుల అరణ్య ప్రయాణాన్ని తలచుకుని తమ కాలానికి 'అరణ్యం' అని పేరు పెట్టుకున్నారు. రాత్రిపూట లోయల్లో, గుహల్లో కూడుకునేవారు. మియాలె దగ్గర ఒక పల్లెలో, రోలాన్ అనే తిరుగుబాటు నాయకుడి ఇంట్లో, 1911 నుంచి అరణ్య మ్యూజియం ఉంది. అందులో మడతపెట్టే ప్రసంగ వేదిక ఉంది. మడిస్తే ధాన్యం పీపాలా కనబడుతుంది, సైనికులు వచ్చినా అనుమానించరు. స్త్రీలు కొప్పులో దాచుకునేంత చిన్న బైబిళ్లున్నాయి. ప్రభువు బల్లకు వచ్చేవాడు వేగులవాడు కాదని తెలుసుకోవడానికి ఇచ్చే సీసపు బిళ్లలున్నాయి. ఈ దారిలో నడిచేవాళ్లకు పొలాల మధ్య, పెరటి చెట్ల కింద చిన్న చిన్న సమాధులు తగులుతాయి. శ్మశానంలో చోటు ఇవ్వకపోతే తమవాళ్లను తమ నేలలోనే పాతిపెట్టుకున్నారు.

దక్షిణాన సముద్రం దగ్గర ఏగ్ మోర్త్ పట్టణపు కోటలో కోన్‌స్తాన్స్ బురుజు ఉంది. కాపరి చెల్లెలైనందుకు మరీ ద్యురాన్‌ను 1730లో, పంతొమ్మిదేళ్ల వయసులో, అందులో పడేశారు. రెండేళ్లకు అన్నను ఉరితీశారు. మతం మారతానని ఒక్క మాట చెబితే తలుపు తీసేవారు. ఆమె 1768లో బయటికి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లు. నేల మధ్యనున్న రాతి అంచు మీద 'ఎదిరించు' అన్న ఒక్క మాట చెక్కి ఉంది. అది ఆమె చేతి చెక్కడమేనని చెబుతారు.

ఇక్కడివరకు మనకు ఇష్టమైన కథ. రిఫర్మేషన్ ఆదివారం ప్రసంగంలో నేను కూడా ఇక్కడివరకే చెప్పి కూర్చునేవాణ్ణి. సెమినరీలో సంఘ చరిత్ర తరగతిలో హ్యూగెనోట్ల మీద చదివింది ఒకటిన్నర పేజీ. మిగతా సగం తర్వాత చదివి తెలుసుకున్నాను, కానీ ప్రసంగంలో చేర్చలేదు. అది నా తప్పు.

మిగతా సగం పోన్ ద మోన్‌వేర్ అనే ఊళ్లో ఉంది. తార్న్ నది మీద పాత రాతి వంతెన, పక్కన గడియారపు గోపురం, నడిచేవాళ్లు కాఫీ తాగే చోటు. 1702 జూలై 24 రాత్రి, హ్యూగెనోట్ల గుంపు ఒకటి కీర్తనలు పాడుతూ వచ్చి, అబ్బే ద్యు షైలా అనే కతోలిక గురువు తన బసలో బంధించి ఉంచిన మనుషులను విడిపించింది. ఆ గురువును పొడిచి చంపింది. కమిసార్ల యుద్ధం అలా మొదలైంది. కమిసార్లు చర్చీలు తగలబెట్టారు, గురువులను చంపారు. మరుసటి ఏడు ఒక కతోలిక గ్రామంలో స్త్రీలను, పిల్లలను కూడా వదల్లేదు. రాజు సైన్యం బదులుగా నాలుగు వందలకు పైగా పల్లెలను, గూడేలను నాశనం చేసింది. కీర్తనలు పాడిన నోళ్లే ఆ రాత్రి రక్తం చూశాయి. ఎంత బాధ పడ్డారో తెలుసు కనుక మనం వాళ్లను అర్థం చేసుకోగలం. అర్థం చేసుకోవడం వేరు, ఆ పేజీ చింపేయడం వేరు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మన దగ్గర ప్రార్థన కూడికలు ఆగిపోయాయని, కాపరుల మీద కేసులు పెట్టారని కబురు వచ్చినప్పుడల్లా వాట్సాప్‌లో హ్యూగెనోట్ల కథలు తిరుగుతాయి. బురుజులోని మరీ ద్యురాన్ వస్తుంది, పోన్ ద మోన్‌వేర్ రాదు. శ్రమ పడ్డవాళ్ల కథను సగం చెబితే వినేవాళ్లకు ధైర్యం వస్తుందేమో గాని, పక్కింటివాడి మీద కోపం కూడా వస్తుంది. మన యువకులకు రెండోది సులువుగా అంటుకుంటుంది.

ఆ సంఘాన్ని చివరికి నిలబెట్టినది కత్తి కాదు. 1715 ఆగస్టు 21న ఆంత్వాన్ కూర్ అనే ఇరవై ఏళ్ల యువకుడు కొద్దిమందిని ఒక మారుమూల చోట కూర్చోబెట్టి చిన్న సినడు జరిపాడు. ఆయుధాన్ని, అదుపులేని ప్రవచనాలను పక్కనబెట్టి, పెద్దలను ఏర్పరచుకుని, క్రమం పెట్టుకోవడం మొదలైంది. ఆ ఏడే రాజు తన రాజ్యంలో ప్రొటెస్టంట్లు మిగల్లేదన్నట్టు చట్టం చేయించాడు. సినడు జరిగిన పదకొండు రోజులకు ఆయనే చనిపోయాడు. పెళ్లి, పుట్టుక, మరణం నమోదు చేయించుకునే హక్కు వాళ్లకు తిరిగి రావడానికి మాత్రం 1787 దాకా పట్టింది.

రెండు వందల ఏళ్ల తర్వాత ఆ జ్ఞాపకం ఏం చేసిందో చూడాలంటే లె ప్వీకి తూర్పున షాంబోన్ అనే ఊరికి వెళ్లాలి. నాజీల కాలంలో అక్కడి కాపరులు ఆంద్రే త్రోక్మే, ఎద్వార్ తైస్, చుట్టుపక్కల రైతులు, యూదులను ఇళ్లలో, పొలాల్లో దాచారు. అందులో చాలామంది పిల్లలు. తాతముత్తాతలు అరణ్యంలో దాక్కున్న కథ వింటూ పెరిగినవాళ్లు, దాక్కోవడానికి వచ్చినవాడికి తలుపు తీశారు. 1990లో ఇశ్రాయేలు సంస్మరణ సంస్థ యాద్ వషేమ్ ఆ ప్రాంతాన్నంతటినీ గౌరవించింది.

మళ్లీ మన అబ్బాయి వాక్యానికి వస్తాను. దారి నిండా ఉన్న ఆ జనంలో చాలామంది విశ్వాసులు కారు. కొందరిది వ్యాయామం, కొందరిది ఉద్యోగం పోయిన దిగులు, కొందరిది విడాకుల బాధ. వాళ్లను చూసి మన కాపరులు కొందరు పెదవి విరుస్తారని తెలుసు. లె ప్వీ నుంచి స్పెయిన్ వైపు వెళ్లే పాత యాత్రా మార్గంలో కాంక్ అనే చిన్న ఊరుంది. అక్కడి సన్యాసులు మరో పని చేస్తారు. సాయంత్రం బూట్లు విప్పి కూర్చున్న నడకరులను చర్చి ముందుకు పిలిచి, గుమ్మం మీద రాతిలో చెక్కిన అంతిమ తీర్పు దృశ్యాన్ని బొమ్మ బొమ్మకూ విడమరచి చెబుతారు. కప్పు చందా కంటే ఆ అరగంట నాకు విలువైనదిగా తోస్తుంది. కప్పు కూడా కావాలి, కాదనను. వాన పడితే బొమ్మలు చూపించడం కష్టం.

మన ఊళ్లలో మొదటి తరం క్రైస్తవులు ఏ చెట్టు కింద కూడుకున్నారో, ఎవరు వెలి పడ్డారో, ఎవరింటి అరుగు మీద తొలి ప్రార్థన జరిగిందో తెలిసిన పెద్దలు ఒక్కొక్కరూ వెళ్లిపోతున్నారు. వాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్న సంఘాలు నాకు తెలిసి చాలా తక్కువ. కొత్త మందిరం శంకుస్థాపన ఫలకాలు మాత్రం గ్రానైటువి.

ప్రతి సెప్టెంబరు మొదటి ఆదివారం, ఆ మ్యూజియం పక్కన చెట్ల కింద, వేలమంది ఫ్రెంచ్ ప్రొటెస్టంట్లు ఆరాధనకు కూడుకుంటారు. మందిరం లేదు, కప్పు లేదు. ఈ ఏడు వెళ్తానని మన అబ్బాయి చెప్పాడు. ప్రసంగం ఫ్రెంచిలో ఉంటుంది, పూర్తిగా అర్థం కాదేమోనని భయపడ్డాడు. కీర్తనల రాగమైనా పట్టుకోమన్నాను. ఈసారి ఫోటోలతో పాటు పాట కూడా రికార్డు చేసి పంపమన్నాను.