జ్వాల లేని పొయ్యి

పొయ్యి కొనుట యనగా నేదో యొక సామాను కొనుట యని మగవారు తలంతురు. దినమునకు మూడు పూటలు దాని యెదుట నిలుచువారికి మాత్ర మది యింటిలోని మనిషి వంటిది. దాని స్వభావ మెఱుగక తెచ్చుకొన్నచో నేమగునో మేము కష్టపడి నేర్చుకొంటిమి గావున, ఈ నెల గాజుపలక కరెంటు పొయ్యిని గూర్చి ముచ్చటింప దలచితిమి.

గ్యాసుబండ యయిపోయిన దినమున నక్కఱకు వచ్చునని మదనపల్లెకు బోయి అంగడిలో విచారించితిమి. కవలపిల్లల వలె నుండు రెండు నల్లని పలకలను జూపిరి. ఒకటి ఇండక్షన్, రెండవది ఇన్‌ఫ్రారెడ్. రెండవ దానిపై నే పాత్రయైన బెట్టవచ్చునని అంగడివాడు చెప్పెను. ఆ యొక్క మాటకే సంతసించి దానిని గొంటిమి. మఱేమియు నడుగలేదు.

పైకి రెండును నొక్క తీరుననే యున్నను లోపల వేఱు. ఇండక్షన్ పొయ్యిలో గాజు క్రింద రాగితీగ చుట్ట యుండును. అందలి విద్యుత్ప్రవాహము సెకనుకు ఇరువదివేల మార్లకు పైగా దిశ మార్చుకొనుచు అయస్కాంతక్షేత్రమును బుట్టించును. అది పాత్ర యడుగున ప్రవాహములను గలిగించి పాత్రనే వేడి చేయును. పలక తనంత వేడెక్కదు. పాత్ర వేడి సోకి మాత్రమే కాగును. ఇన్‌ఫ్రారెడ్ పొయ్యిలో నట్లు గాదు. గాజు క్రింది తీగ యెఱ్ఱగా గాలి, ఆ వేడి గాజు ద్వారా పాత్రకు జేరును. స్విచ్చి ఆర్పినంతనే యెఱుపు మాయమగును గాని పలక చాలసేపు కాలుచునే యుండును.

తెచ్చిన యైదవ దినమున పాలు కాచి దింపి మేము పెరటిలోనికి బోయితిమి. మా యత్తగారు వంటయింటికి వచ్చి, ఆ నున్నని పలకపై అఱచేయి ఆనించి, వంగి క్రింది డబ్బా తీయబోయిరి. కేక విని మేము పరుగెత్తి వచ్చునప్పటికే చేయి కాలెను. చల్లని నీటి ధార క్రింద నిరువది నిమిషములు పట్టించి, పిమ్మట డాక్టరు నొద్దకు దీసికొనిపోయితిమి. కట్టు కట్టించుకొని వచ్చుచు వారు మమ్ము నిందింపలేదు. “మంట లేదు గదమ్మా, ఆరిపోయిందనుకుంటి” అని మాత్ర మనిరి.

ఆ మాట మా మనస్సును వదలలేదు. వారు కట్టెపొయ్యి నూదిరి. కిరసనాయిలు స్టవ్వు వెలిగించిరి. గ్యాసు పొయ్యికి నలవాటు పడిరి. 1999లో మన రాష్ట్రమున దీపం పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము వచ్చి యెందఱో యిల్లాండ్రకు పొగబాధ తప్పించినవి. ఇన్ని పొయ్యిలు మాఱినను గుర్తు మాత్రము మాఱలేదు: మంట కనబడిన వేడి, కనబడకున్న నార్పినట్లే. ఒక జీవితకాలపు టనుభవమును మేము తెచ్చిన పలక యొక్క దినమున నబద్ధము చేసినది. తప్పు వారిది కాదు. ముందుగా చెప్పని మాది.

కావున కొనుటకు ముందు మొదటి ప్రశ్న: ఆ వంటయింటికి నెవరెవరు వత్తురు? పసిపిల్లలు, చూపు తగ్గిన పెద్దలు నుండినచో ఇండక్షనే మేలు. పాత్ర తీసినంతనే యది వేడి చేయుట మానును. పలకయు త్వరగా చల్లారును. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవా రున్నచో మాత్రము ముందుగా డాక్టరు నడుగవలయును.

రెండవ ప్రశ్న పాత్రలది. చిన్న అయస్కాంతమును గిన్నెల యడుగున నానించి చూడుడు. గట్టిగా నంటుకొన్నవే ఇండక్షనుకు బనికివచ్చును. ఇనుప పెనము అంటును. సత్తు దబరా, ఇత్తడి గిన్నె, రాగి చెంబు, మట్టికుండ అంటవు. స్టీలు గిన్నెలలో కొన్ని యంటును, కొన్ని యంటవు. ఏ పొయ్యికైనను అడుగు చదునుగా నుండవలయును. క్రొత్త పాత్రలు కొనవలసియున్నచో వాని వెలను గూడ పొయ్యి వెలలో గలుపుకొనుడు.

మూడవది మన రాగిసంగటి మాట. 1953లో అమెరికాలోని కార్నింగ్ సంస్థయందు స్టూకీ యను శాస్త్రజ్ఞుడు 600 డిగ్రీలకు గాల్పదలచిన గాజుపలక, కొలిమి వశము తప్పి 900 డిగ్రీల వఱకు గాలెను. తీయుచుండగా చేజాఱి నేలబడియు నది పగులలేదు. మేలురకపు పొయ్యిపలకలు ఆ జాతివే. అవి వేడికి వ్యాకోచించుట మిక్కిలి స్వల్పము గనుక కాక నోర్చును. అయినను బరువైన పాత్ర యంచు దెబ్బకు పలుచని పలక బీటవాఱును. సంగటి కట్టెతో గెలుకునప్పుడు పాత్ర నున్నని పలకపై జాఱును, దెబ్బయు దగులును. కావున పొయ్యిపై నుడికించి దింపి, చుట్టకుదురుపై నుంచి కెలుకుడు. బీట కనబడినచో వెంటనే స్విచ్చి ఆర్పి, బాగుచేయించు వఱకు వాడకుడు. వంకాయ, టమోటా కాల్చి పచ్చడి నూఱుటకు మంటయే కావలయును గావున గ్యాసు పొయ్యిని బొత్తిగా వదలుకొనరాదు.

ఇక వ్యయము. 14.2 కిలోల గ్యాసుబండలోని వేడి సుమారు 180 యూనిట్ల విద్యుత్తునకు సమానము. గ్యాసుమంటలో నూటికి 60 పాళ్లు, ఇండక్షనులో 85 పాళ్లు పాత్రకు జేరునని లెక్కించినచో, ఒక బండతో నగు వంట 125 నుండి 130 యూనిట్లతో నగును. ఇన్‌ఫ్రారెడ్‌కు అంతకంటె నెక్కువ కావలయును. వాడకము పెరిగినకొలది యూనిట్టు వెల శ్లాబులుగా హెచ్చును గదా! కావున ఈ యూనిట్లను మీ బిల్లులోని పై శ్లాబు వెలతో గుణించి, బండ వెలతో బోల్చి చూచుకొనుడు.

2000 వాట్ల పొయ్యి సుమారు 9 ఆంపియర్ల ప్రవాహమును లాగును. ఫ్యానులకు వాడు 6 ఆంపియర్ల ప్లగ్గు దానికి జాలదు. 16 ఆంపియర్ల ప్లగ్గును, సరియైన ఎర్తింగును వలయును. పొయ్యి క్రింద గాలి రంధ్రములకు అడ్డముగా గుడ్డ పఱవరాదు.

మా పొయ్యిని మేము మార్చలేదు. నెలజీతపు సంసారమున రెండవది కొనుట కష్టము. అలవాటును మార్చుకొంటిమి. వంట ముగిసి స్విచ్చి ఆర్పినంతనే గిన్నెడు నీళ్లు పలకపై నుంతుము. మిగిలిన వేడితో నీళ్లు కాగును. ఎవ్వరి చేయియు పలకపై బడదు. పలక చల్లారిన పిమ్మటనే గిన్నెను దించుట మా యింటి నియమము.

మా యత్తగారి చేయి మానినది. ఇప్పుడు వంటయింట నడుగిడగనే వారు పొయ్యివైపు చూచి, “గిన్నె దించినారా?” అని యడుగుదురు. దించిన యా గోరువెచ్చని నీళ్లే వారికి రాత్రి త్రాగుటకు.