కఖేతిలో రెండిళ్లు చాలు

తిబిలిసిలో మెడిసిన్ చదువుతున్న పిల్లల్ని చూడటానికి వెళ్లే మన తల్లిదండ్రులకైనా, ఊరికే జార్జియా చూసొద్దామనుకునే వాళ్లకైనా నా మాట ఒక్కటే: అక్కడి కఖేతి ప్రాంతపు ద్రాక్షతోటల కోసం ఒక మధ్యాహ్నం కేటాయిస్తే, పెద్ద ఫ్యాక్టరీల ముందు ఆగే టూరిస్టు బస్సు ఎక్కకండి. కారు, డ్రైవరు మాట్లాడుకుని, సొంతంగా వైన్ చేసుకునే రెండు కుటుంబాల ఇళ్లకు వెళ్లండి. ఐదారు చోట్లు చుడితే ఏదీ చూసినట్టు కాదు. ఆ ఇళ్లలో వైన్ తయారయ్యేది మెడదాకా నేలలో పాతిన క్వెవ్రి అనే మట్టి బానల్లో; మన పాతరలో ధాన్యంలా దానికీ నేలే కాపలా. లోపల తేనెమైనం పూత. ర్కత్సితెలి అనే తెల్లద్రాక్షను తొక్కి, రసంతోపాటు తొక్కలు, గింజలు కూడా అందులోనే వేస్తారు. పొంగు అణిగాక మూతపెట్టి నెలల తరబడి కదపరు. తెల్లద్రాక్ష వైన్ ముదురు పసుపుకు తిరుగుతుంది. పెద్ద బాన కడగాలంటే మనిషే లోపలికి దిగి, చెర్రీ బెరడుతో కట్టిన కుంచెతో గోడలు రుద్దాలి. 2013లో యునెస్కో ఈ పద్ధతికి వారసత్వ గుర్తింపు ఇచ్చింది, మంచిదే. కానీ సోవియట్ ఫ్యాక్టరీలు లెక్కకు మిక్కిలి సీసాలు నింపుతున్న రోజుల్లో ఈ విద్యను బతికించింది ఇలాంటి పెరటి బానలే. అందుకే నచ్చిన సీసాకు బేరమాడకుండా అడిగినంత ఇవ్వండి. తాగే అలవాటు లేనివాళ్లు చుర్చ్‌ఖేలా కొనుక్కోండి: అక్రోట్లను దారానికి గుచ్చి, చిక్కగా కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టినది, నెలలపాటు నిలవుంటుంది.