1952: చెన్నపురి చూచినది

1952వ సంవత్సరమును దలచుకొని భారతీయుడు గర్వింపదగిన సంగతులు పెక్కు గలవు. 17 కోట్లకు పైబడిన వోటర్లకు హక్కునిచ్చిన ప్రథమ సార్వత్రిక నిర్వాచనములు ఫిబ్రవరిలో ముగిసెను. ఆ మాసముననే చెన్నపురిలో వినూ మన్కడు 12 వికెట్లు గూల్చగా, ఇంగ్లండుపై మనకు టెస్టు క్రికెట్టున తొలి విజయము చేకూరెను. హెల్సింకీనుండి హాకీ జట్టు స్వర్ణమును, మల్లుడు ఖాశాబా జాదవు కాంస్యమును గొనివచ్చిరి. జాదవునకు అర్జున పురస్కారము లభించినది ఆయన గతించిన పిమ్మటనే! మన కృతజ్ఞతకు తొందర లేదు.

అదే చెన్నపురిలో అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రమునకై నిరశనవ్రతము బూనిరి. ఇది వింతకోరికయా? 1920లోనే భాషనుబట్టి తన సంఘములను విభజించుకొన్న కాంగ్రెసే నాడు ప్రభుత్వము నడపుచుండెను. 1949లో జవహర్‌లాలు, వల్లభభాయి, పట్టాభిగార్ల సంఘము ఆంధ్రుల వాదమును చాలవఱకు ఒప్పుకొని, చెన్నపురిని మాత్రము విడువుడనెను. నిర్వాచనములలో ఆంధ్రజిల్లాల వోటర్లు కాంగ్రెసును చిత్తుగా నోడించిరి. ఆ వోటును చదువుకొనువారు ఢిల్లీలో లేకపోయిరి.

డిసెంబరు 15 రాత్రి శ్రీరాములుగారు కన్నుమూసిరి. ఆంధ్రపట్టణములు భగ్గుమనెను, పోలీసు కాల్పులలో ప్రాణములు పోయెను. 19న నెహ్రూగారు రాష్ట్రమిచ్చెదమని ప్రకటించిరి. 4 దినములలో వెలువడిన మాట అంతకు ముందటి 58 దినములలో ఏల వెలువడలేదు? దేశభాషల సాహిత్యములను పోషించుటకై అకాడమీని స్థాపింప కేంద్రప్రభుత్వము తీర్మానించినదియు ఆ డిసెంబరులోనే.

మఱుసటియేడు అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, చెన్నపురి లేకయే, ఆంధ్రరాష్ట్రమేర్పడెను.