బ్యాటరీ తీసినా పోని ప్రమాదం

రంగు నింపిన గుండ్లను ఒకరిపై ఒకరు పేల్చుకునే పెయింట్‌బాల్ అమెరికాలో నేడు సుపరిచితమైన వారాంతపు క్రీడ. 1981లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ వద్ద అడవిలో పన్నెండు మంది తొలిసారి ఆడినప్పుడు వారి చేతుల్లో ఉన్నవి చెట్లకు, పశువులకు రంగు గుర్తులు వేసే పిస్తోళ్లు. ప్రతి గుండుకూ చేత్తో లాగి బిగించుకోవలసినవి. మార్కర్లు అని పిలిచే నేటి పిస్తోళ్లలో సర్క్యూట్ బోర్డు, సోలినాయిడ్ కవాటం, గుండు గదిలోకి చేరిందో లేదో కనిపెట్టే కాంతి సెన్సర్లు ఉన్నాయి. యంత్రం సంక్లిష్టమైన కొద్దీ మరమ్మతు నిపుణుల చేతికి చేరాలి. జరుగుతున్నది అందుకు విరుద్ధం. తయారీ ఆగిపోయిన పాత మోడళ్లు చేతులు మారుతున్నాయి, విడిభాగాలు తపాలాలో ఇంటికే వస్తున్నాయి, ఒత్తిడితో పనిచేసే ఈ పరికరాన్ని భోజనాల బల్లపైనే విప్పుతున్నారు. ఆ పని చేస్తున్నవారిలో బాలురూ ఉండటం మరింత ఆందోళనకరం.

ఇంటి మరమ్మతు ఇలా మొదలవుతుంది: ట్రిగ్గర్ నొక్కితే మార్కర్ పలకదు. లేదా ఒకసారి నొక్కితే రెండు గుండ్లు వెలువడతాయి. ఎలక్ట్రానిక్ పరికరం కనుక బ్యాటరీ నీరసించిందనో, తీగ ఊడిందనో యజమాని భావిస్తాడు. తరచూ ఆ ఊహ నిజమే అవుతుంది. కానీ ఈ యంత్రంలో విద్యుత్తు ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది, బలం వాయువుది. సాధారణ గది ఉష్ణోగ్రత వద్ద కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో ఒత్తిడి దాదాపు 850 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). గాలి సిలిండర్లను 3000 లేదా 4500 పీఎస్ఐ వరకు నింపుతారు. కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర మాత్రమే. తొమ్మిది వోల్టుల బ్యాటరీని తీసి పక్కన పెట్టినంత మాత్రాన ఈ ఒత్తిడిలో వీసమెత్తు తగ్గదు. సిలిండర్ విప్పిన తరువాత కూడా లోపలి గదుల్లో మిగిలిన వాయువు ఒక గుండును పంపడానికి చాలు.

ఆ గుండు బరువు సుమారు మూడు గ్రాములు. మైదానాల్లో అనుమతించే గరిష్ఠ వేగం సాధారణంగా సెకనుకు 300 అడుగులు, అంటే దాదాపు 12 జౌళ్ల శక్తి. గుండు వ్యాసం 17 మిల్లీమీటర్ల పైచిలుకు. కంటిగూడు అంతకన్నా వెడల్పైనది కాబట్టి చుట్టూ ఉన్న ఎముక ఈ దెబ్బను అడ్డుకోలేదు. కంటిలో రక్తస్రావం, రెటీనా ఊడిపోవడం, కనుగుడ్డు చిట్లడం వైద్యులు నమోదు చేసిన గాయాలే. వాటిలో అధికభాగం నియమాలున్న మైదానాల్లో కాక, ముసుగు ధరించని చోట్ల జరిగినవి. ఇంట్లో మరమ్మతు చేసేవాడు ముసుగు పెట్టుకోడు. పైగా గుండు ఇరుక్కుందేమో చూడటానికి గొట్టంలోకే తొంగి చూస్తాడు.

2003, 2004 సంవత్సరాల్లో అమెరికాలో జరిగిన రెండు మరణాలను ఇక్కడ గుర్తు చేయక తప్పదు. ఆ ప్రమాదాల్లో గుండు పేలనే లేదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మెడకు ఇత్తడి కవాటం ఒక మరతో బిగించి ఉంటుంది, ఆ కవాటం మరో మరతో మార్కర్‌కు ఎక్కుతుంది. సిలిండర్‌ను తిప్పి తీస్తున్నప్పుడు ఊడవలసింది రెండవ మర. కవాటాన్ని ఎవరో ఎప్పుడో విప్పి సరిగా బిగించకపోతే మొదటి మర ఊడుతుంది. అప్పుడు కవాటం మార్కర్‌కే అతుక్కుని ఉండగా సిలిండర్ రాకెట్‌లా దూసుకుపోతుంది. తిప్పుతున్న చేతికి ఈ రెంటి మధ్య తేడా తెలియదు. కవాటం మీద, సిలిండర్ మీద కలిసేలా ఒక రంగు గీత గీస్తే రెండూ కలిసి తిరుగుతున్నదీ లేనిదీ కంటికి కనిపిస్తుంది. అంత చవకైన జాగ్రత్త ప్రతి సిలిండర్ మీదా లేకపోవడానికి ఉదాసీనత తప్ప వేరే కారణం కనిపించదు.

విఫలమైన మరమ్మతు కన్నా సఫలమైనట్టు కనిపించే మరమ్మతును ఎక్కువగా శంకించాలి. వాయువు ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌లోని సీలు అరిగితే ఒత్తిడి నిర్ణీత స్థాయి వద్ద ఆగక మెల్లగా పైకి పాకుతుంది. వరుసగా నాలుగు గుండ్లు కాల్చి వేగం కొలిస్తే అంతా సవ్యంగానే తోస్తుంది. మార్కర్‌ను కాసేపు ఊరకే ఉంచి కాలిస్తే ఆ మొదటి గుండు పరిమితిని మించి పోతుంది. ఆటలో ఎదుటివాడికి తగిలేది ఆ మొదటి గుండే కావచ్చు. ట్రిగ్గర్ స్విచ్ సంగతీ అంతే. స్పర్శకాలు కలిసే క్షణంలో కొన్ని మిల్లీసెకన్ల పాటు కంపిస్తాయి, ఆ కంపనాన్ని లెక్కలోకి తీసుకోకుండా చేసే అమరిక ఒకటి బోర్డులో ఉంటుంది. వేగం కోసం దాన్ని తగ్గించినా, అరిగిన స్విచ్‌ను అలాగే ఉంచినా, ఒక్క నొక్కుకు రెండు మూడు గుండ్లు పోతాయి. మురికిపట్టిన సెన్సర్లను తుడవడం మాని వాటిని ఆపివేయడం మరో దురభ్యాసం.

నూనెల విషయంలోనూ నిర్లక్ష్యం ఉంది. ఇంట్లో ఉన్న పెట్రోలియం నూనెలు కొన్ని రకాల రబ్బరు వలయాలను ఉబ్బిస్తాయి. అధిక ఒత్తిడి గాలిలో మండే స్వభావమూ వాటికి ఉంది. ఇక కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీల సెల్సియస్ దాటితే ద్రవరూపంలో ఉండదు, నిండు సిలిండర్‌లో ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. టెక్సస్, అరిజోనా ఎండల్లో కారు డిక్కీలో వదిలేసిన సిలిండర్‌ను ఈ దృష్టితో చూడాలి. అక్కడ పిల్లలను పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులకూ ఇది పరాయి సంగతి కాదు.

మందుగుండు వాడదు కనుక అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో మార్కర్ తుపాకీ కాదు. బొమ్మ అని తేలిగ్గా తీసుకోదగినదీ కాదు. ఈ రెంటి మధ్య ఖాళీలో బాధ్యత జారిపోతోంది. సిలిండర్లకు నిర్ణీత గడువులో, చాలా రకాలకు ఐదేళ్లకోసారి, నీటి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. ఆ సిలిండర్ తగిలించే మార్కర్‌కు, దాన్ని విప్పిన చేతికి అలాంటి నియమం లేదు.

ఇంటి మరమ్మతును నిషేధించాలని మేము కోరడం లేదు. రబ్బరు వలయం మార్చడం, సెన్సర్ తుడవడం వాడుకరి నేర్చుకోవలసిన పనులే. నిషేధిస్తే అదే పని మరింత అజ్ఞానంతో చాటుగా సాగుతుంది. వినియోగదారుల భద్రత చూసే ప్రభుత్వ విభాగాలు ఒక హద్దు గీయాలి. వాయువు పూర్తిగా ఖాళీ చేసి యజమాని చేసుకోదగినవేవో, శిక్షితుల చేతికే ఇవ్వవలసిన కవాటం, రెగ్యులేటర్ వంటివేవో పరికరం మీదే ముద్రించాలని శాసించాలి. తయారీదారులు మోడల్ ఆపేసినా దాని మరమ్మతు పుస్తకాన్ని అందుబాటులో ఉంచాలి. విడిభాగాలు అమ్ముకుంటూ వాటిని అమర్చే విధానాన్ని చెప్పకపోవడం వ్యాపార స్వేచ్ఛ కిందికి రాదు. సిలిండర్లు నింపే దుకాణాలు గడువు ముద్రను, కవాటం గీతను చూడకుండా వాయువు ఎక్కించరాదు.

హైదరాబాద్ శివార్ల రిసార్టుల్లోనూ ఈ ఆట ఉంది. అక్కడ మార్కర్లు అద్దెవి, ఆడేవారికి వాటి చరిత్ర తెలియదు. క్రీడా వినోద కేంద్రాలకు అనుమతులిచ్చే స్థానిక సంస్థలు మరమ్మతు నమోదు పుస్తకం, వేగమాపక యంత్రం ఉన్నాయో లేదో అడగాలి. ఎక్కడి మైదానంలోనైనా, మరమ్మతు జరిగిన మార్కర్‌ను ఒత్తిడితో కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తరువాతి మొదటి గుండు వేగం కొలవాలి. అది పరిమితి దాటితే ఆ రోజుకు ఆ మార్కర్‌ను లోపలికి అనుమతించరాదు.