రంగు తర్వాత, ముందు వెనక గోడ చూడండ్రి



దసరా పోయింది, దీపావళి వస్తున్నది. ఏ ఇంట్ల చూసినా రంగుల ముచ్చటే. నేను చెప్పేది కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్తున్న. ఇంటికి రంగు ఆఖరి పని. మనం దాన్నే మొదటి పని చేసుకుంటున్నం.

పోయినేడు నేనూ అట్లనే చేసిన. రోడ్డు దిక్కు గోడకు మంచి రంగు వేయించిన. ఉత్తరం దిక్కున్న వెనక గోడను ఎవరు చూస్తరులే అని వదిలేసిన. ఆ గోడ పక్కనే మా అమ్మ మంచం. డిసెంబర్‌ల చలి ముదిరినంక రాత్రంతా దగ్గు. రెండు దుప్పట్లు కప్పినా వణుకు పోలే. ఒకరోజు పొద్దుగాల మంచం జరిపి చూస్తే గోడ చెమ్మతోటి ఉన్నది, కింద చౌడు పొడి రాలుతున్నది. మీదికెక్కి చూస్తే స్లాబ్ నీళ్లు దిగే పైపు మూతి వేపాకులతోటి పూడుకపోయింది. వానకాలమంతా నీళ్లు పిట్టగోడ మూలకు నిలిచి గోడలకు దిగినయ్. ఆ ఆకులు తీసుడు అరగంట పని. ఆ అరగంట నేను పెట్టలే, అమ్మ చలికాలమంతా దగ్గింది.

మట్టికుండల నీళ్లు ఎందుకు చల్లగుంటయో మనకు తెల్వనిది కాదు. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆరుకుంట చల్లదనం ఇస్తది. నానిన గోడ కూడా అంతే. చలికాలంల మన ముసలోళ్లు పెద్ద కుండ పక్కన పండుకున్నట్టే.

మన దిక్కు చలి తక్కువేం కాదు. పట్నం నడుమ బేగంపేట కన్నా మన పక్కనున్న రాజేంద్రనగర్‌ల చలి ఎక్కువ పడుతది. ఖాళీ భూములు, చెరువులు ఉన్న మన ఊర్లల్ల సంగతి చెప్పేదేముంది. పొద్దుగాల పొగమంచుకు ఎయిర్‌పోర్టుల విమానాలే ఆగుతయ్.

2008ల ఎయిర్‌పోర్టు తెరిచినంక మన ఇండ్ల రూపం మారింది. భూమి అమ్మినోళ్లు, అమ్మనోళ్లు అందరం స్లాబ్ ఇండ్లు కట్టినం. ముందర టైల్స్, స్టీలు రెయిలింగు, పెద్ద గేటు. వెనకకు పోయి చూస్తే గిలాబ కూడా లేని ఇటుక గోడ. పైన పటారం, లోన లొటారం. పొలంల మనం గట్టు పెట్టేముందు నీళ్లు ఎటు పోతయో చూస్తం. అదే ఇంటికాడికి వచ్చేసరికి మర్చిపోతం.

పని చేయాల్సిన కాలం ఇదే అని నేను ఎందుకంటున్ననంటే, వాన ఎక్కడెక్కడ దిగిందో గోడ ఇప్పుడే చెప్తది. మరకలు ఇంకా పచ్చిగున్నయ్. ఎండాకాలం దాకా ఆగితే అన్నీ ఆరి, జాడ దొరకదు. ఏప్రిల్ ఎండల చేసిన గిలాబ నీళ్లు జల్ది ఇగిరిపోయి నెర్రెలిస్తది. చలికి సిమెంటు ముడుచుకుని నెర్రె నోరు తెరుస్తది కాబట్టి, నింపేది లోపలిదాకా పోతది. మందు పెట్టినంక వారం రోజులు తడుపుడు మాత్రం మర్వొద్దు.

వరుస ఇట్ల పెట్టుకోండ్రి. మొదలు స్లాబ్ ఊడ్చి, పైపులల్ల బకెట్ నీళ్లు పోసి చూడాలె. పిట్టగోడ, స్లాబ్ కలిసే మూలల్ల పాచి గీకి, నెర్రెలు నింపాలె. గోడల మొలిచిన రావి, మర్రి మొక్కలను వేరుతోటి తీయాలె; పైపైన కోస్తే మళ్ల వస్తయ్. గోడ మొదట్ల మన్ను పోసి, నీళ్లు బయటికి పోయేటట్టు వాలు పెట్టాలె. గోడ బాగ ఆరినంకనే రంగు. తడి గోడకు రంగేస్తే చెమ్మ లోపలనే ఉండి, పొక్కులొచ్చి ఊడిపోతది. పైసలు రెండుసార్లు పోతయ్.

సిమెంటు రేకుల ఇండ్లల్ల ఉన్నోళ్లు బోల్టుల కింది వాషర్లు చూసుకోండ్రి, ఎండకు ఎండి పగిలిపోతయ్. రేకు మీద నేరుగ కాలు పెట్టొద్దు, పలక వేసుకుని ఎక్కండ్రి. చలిగాలి వచ్చే తూర్పు, ఉత్తరం సందులు మూయండ్రి కానీ అన్ని దిక్కులా బిగించొద్దు. లోపలి ఆవిరి రేకుకు తగిలి, తెల్లారేసరికి మీద చుక్కలు పడుతయ్. పశువుల కొట్టానికి కూడా గాలి దిక్కునే గోనె పట్టాలు కట్టండ్రి, పొద్దెక్కినంక ఎత్తండ్రి.

దసరా పోతే వాన పోయినట్టే అనుకోవద్దు. 2020 అక్టోబర్ 13 రాత్రి మర్చిపోయిన్రా? గగన్‌పహాడ్‌ల అప్ప చెరువు కట్ట తెగి, బెంగళూరు హైవే మీద వరద పారింది. అక్కడ ప్రాణాలు పోయినయ్. అదే రాత్రి బండ్లగూడల ప్రహరీ గోడ ఇండ్ల మీద కూలి మనుషులు పోయిన్రు. బంగాళాఖాతంల వాయుగుండాలు అక్టోబర్, నవంబర్‌లల్ల కూడా పుడుతయ్. కాబట్టి మీ ప్రహరీ వెనక నీళ్లు నిలుస్తున్నయా, గోడ వంగిందా చూసుకోండ్రి. నీళ్లు పోవడానికి కింద రంధ్రాలు లేకుంటే పెట్టించండ్రి. పాత ఒర్రె దారికి అడ్డంగ ప్రహరీ కట్టినోళ్లుంటే వాళ్లను మనమే అడగాలె. ఆ నీళ్లు మన గోడకు కాకపోతే పక్కోని గోడకు పోతయ్.

ఇప్పుడు పత్తి ఏరుడు, వరి కోతలు, తీరిక ఎక్కడిది అంటరు. నిజమే, మేస్త్రి కూలి కూడా తక్కువ లేదు. కానీ ఊడ్చుడికి, మన్ను పోసుడికి మేస్త్రి అక్కరలేదు. ఒక్క పూట చాలు. పైసలు తక్కువున్నోళ్లు ఈ ఏడు రంగు ఆపండ్రి, ఆ పైసలు స్లాబ్‌కు పెట్టండ్రి. పండుగకు వచ్చిన సుట్టాలు రెండు రోజులు రంగు చూసి పోతరు. గోడ పక్కన చలికాలమంతా పండుకునేది మన అమ్మనాయనలే.

ఈ ఆదివారం పొద్దుగాల మీ ఇంటి వెనకకు పోయి, గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండ్రి. చల్లగ, తడిగ తగిలితే నిచ్చెన తీయండ్రి.