బీపీ, షుగర్ చూసే చోటే మూత్రం కూడా పరీక్షించాలి
తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత ప్రజలకు విజ్ఞప్తి

కిడ్నీ జబ్బు అనగానే అందరికీ ఉద్దానం గుర్తొస్తుంది. అక్కడ, అంటే శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో, ఆ జబ్బు దశాబ్దాలుగా కుటుంబాలను కూల్చుతోంది. అసలు కారణం నేటికీ గట్టిగా తేలలేదు. ఏళ్ల తరబడి జనం మొరపెట్టుకున్నాక, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

డెల్టా ప్రజలు అంతవరకు ఆగనక్కర్లేదు. ఉద్దానం వంటి చోట్లను పక్కనపెడితే కిడ్నీలను ఎక్కువగా పాడుచేసేవి షుగరూ, బీపీలే. ఆ రెండూ ఇక్కడ ఊరూరా ఉన్నాయి.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నని వడపోత గొట్టాలుంటాయి. షుగర్, బీపీ అదుపు తప్పితే అవి దెబ్బతిని, రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారుతుంది. అప్పటికి నొప్పి ఉండదు, మంట ఉండదు. కాళ్ల వాపు, ఆయాసం కనిపించే నాటికి చాలామందిలో జబ్బు ముదిరిపోతుంది. ఆపైన డయాలసిస్: సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రోగి కూలీ పోతుంది, తోడు వెళ్లినవారి కూలీ పోతుంది.

అల్బుమిన్ మొదటి జారుడును చిన్న మూత్ర పరీక్ష పట్టిస్తుంది.

అందుకే తెనాలి నుంచి రేపల్లె దాకా, బాపట్ల తీరం దాకా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగర్, బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్, రక్తంలో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఉచితంగా చూడాలి. ఫలితాన్ని రోగి చేతిలోని పుస్తకంలో రాయాలి. తేడా కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపాలి, వెళ్లారో లేదో ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు కనుక్కోవాలి.

మందుల షాపులకూ ఒక విన్నపం. నాట్లు వేసి నడుము పట్టేసిన కూలీ, నిజాంపట్నంలో వల లాగి భుజాలు నొప్పెట్టిన మత్స్యకారుడు ఒళ్లునొప్పుల బిళ్ళ అడుగుతారు. డైక్లోఫెనాక్ వంటి మాత్రలు రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలనప్పుడు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. డాక్టరు చీటీ లేకుండా వాటిని ఇవ్వకూడదు.

ఇంట్లో చేయగలిగిందీ ఉంది. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించవద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆవకాయ, ఎండుచేపల ఉప్పూ ఆ లెక్కలోదే.

వచ్చే గ్రామసభలో, వార్డు సమావేశంలో ఈ పరీక్షల కోసం తీర్మానం పెట్టించండి. ఈ నెల బీపీ బిళ్ళలకు వెళ్లినప్పుడు, "నా మూత్రం ఎప్పుడు పరీక్షిస్తారు?" అని అడగండి.